వేగుచుక్క.. మన పక్కింటి గ్రహం!

చందమామను చూపించి గోరుముద్దలు తినిపించడం మనకు కొత్తేం కాదు. మరి అప్పుడప్పుడు ఆ చందమామ పక్కనే ధగధగా మెరుస్తూ కనిపించే పెద్ద చుక్క సంగతేంటి? అది చుక్క కాదని, మన భూమికి పక్కింటి గ్రహమని పిల్లలకు ఎవరు చెప్పాలి? బడిలో పాఠం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఏ డాబా ఎక్కినా ఆ పరిచయం ఇవాళే మొదలుపెట్టొచ్చు.

'నాయినమ్మా, అదేంది అంత మెరుస్తుంది?' అని అయిదేళ్ల మనవడు అడిగితే నాయనమ్మ దగ్గర జవాబు ఉంటుంది. 'అది వేగుచుక్క బిడ్డా. అది బొడిసిందంటే తెల్లారొచ్చిందన్నట్టే' అంటుంది. గడియారాలు లేని రోజుల్లో ఈ మెట్ట ప్రాంతంలో ఇంటిల్లిపాదినీ నిద్ర లేపింది ఆ చుక్కే. మోట కొట్టడానికి ఎడ్లను తోలుకెళ్లాలన్నా, పత్తి ఏరడానికి పొద్దెక్కక ముందే చేనుకు చేరాలన్నా 'సుక్క బొడిసే యాళ్ల'కు లేవాల్సిందే.

అదే పిల్లవాడు పెద్ద తరగతికి వెళ్లాక సైన్సు పుస్తకంలో 'వీనస్' అని చదువుతాడు. సూర్యుడి నుంచి రెండో గ్రహం అని బట్టీపట్టి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాడు. కానీ నాయనమ్మ చూపించిన వేగుచుక్క, పుస్తకంలోని వీనస్ ఒకటేనని వాడికి ఎవరూ చెప్పరు. ఇంట్లోని మాట ఒక దారి, బడిలోని మాట మరో దారి. ఆ రెండింటినీ కలపాల్సింది అమ్మానాన్నలే. పెద్ద చదువులు అక్కర్లేదు. కాస్త ఓపిక, ఒక డాబా, నాలుగు చిన్న ఆటలు.. అంతే!

శుక్రవారం ఎవరి పేరు?

చిన్న పిల్లలకు కొత్త విషయం చెప్పాలంటే వాళ్లకు ముందే తెలిసిన మాటతో మొదలుపెట్టాలి. అందుకే 'సౌర కుటుంబంలో ఎనిమిది గ్రహాలు' అంటూ చెప్పకండి. 'ఇవాళ ఏ వారం?' అని అడగండి. సోమవారం సోముడిది, అంటే చంద్రుడిది. మంగళవారం మంగళుడిది, అంటే అంగారకుడిది. ఆదివారం సూర్యుడిది. మరి శుక్రవారం? శుక్రుడిది! మనం రోజూ పలికే వారాల పేర్లలోనే ఆకాశం మొత్తం దాగుందని తెలిస్తే పిల్లల కళ్లు పెద్దవవుతాయి.

ఆ తర్వాత కథ. వామనుడు మూడడుగుల నేల అడిగినప్పుడు బలి చక్రవర్తిని వారించిన గురువు శుక్రాచార్యుడు కదా. కమండలం మూతికి అడ్డుపడి ఒక కన్ను పోగొట్టుకున్న ఆ కథను తాతయ్యలు బాగా చెబుతారు, చెప్పనివ్వండి. చివర్లో 'ఆ గురువు పేరే ఈ గ్రహానికి పెట్టారు' అనండి చాలు. కథ కథగా, గ్రహం గ్రహంగా రెండూ పిల్లలకు అందుతాయి. కథ చెప్పినంత మాత్రాన సైన్సు చెడిపోదు. కథ ఎక్కడ ఆగుతుందో, గ్రహం ఎక్కడ మొదలవుతుందో చెప్పగలిగితే చాలు.

ఒకే చుక్క.. రెండు పూటలు

సూర్యచంద్రుల తర్వాత ఆకాశంలో అన్నిటికంటే ఎక్కువగా మెరిసేది శుక్రుడే. కొన్ని నెలలపాటు పొద్దుగూకాక పడమట కనిపిస్తాడు. మరికొన్ని నెలలు తెల్లవారకముందు తూర్పున కనిపిస్తాడు. అందుకే పూర్వం చాలా దేశాల్లో ఇవి రెండు వేర్వేరు చుక్కలని అనుకున్నారు. గ్రీకులు రెండింటికీ రెండు పేర్లు కూడా పెట్టుకున్నారు.

మరి నడిరాత్రి నడినెత్తిన ఎందుకు కనిపించడు? ఇది పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న. జవాబు సులువే. శుక్రుడు మనకంటే సూర్యుడికి దగ్గరగా తిరుగుతాడు. కాబట్టి మనం ఎప్పుడు చూసినా సూర్యుడి చుట్టుపక్కలే కనిపిస్తాడు. ఎంత దూరం జరిగినా 47 డిగ్రీలు దాటడు. డిగ్రీలు పిల్లలకు తెలియకపోతే జానతో కొలిపించండి. చేయి పూర్తిగా చాపి ఆకాశంపై జాన పెడితే సుమారు 20 డిగ్రీలు. అంటే సూర్యుడి నుంచి రెండు జానల కంటే కాస్త ఎక్కువ.. అంతే. కొంగు పట్టుకుని అమ్మ చుట్టూ తిరిగే పిల్లవాడిలాగా శుక్రుడు సూర్యుణ్ని వదిలి దూరం పోడు.

'నక్షత్రమో గ్రహమో ఎట్ల తెలుస్తుంది?' అంటారా? నక్షత్రాలు మిణుకు మిణుకుమంటాయి. గ్రహాలు చాలావరకు నిలకడగా వెలుగుతాయి. నక్షత్రాలకు సొంత వెలుగు ఉంటుంది. శుక్రుడిది అరువు వెలుగు. తన మీద పడిన సూర్యకాంతిలో నాలుగింట మూడు వంతులను తెల్లటి మబ్బులు తిప్పి కొడతాయి. అంత మెరుపు అందుకే.

హైదరాబాద్‌లో సూర్యుడు.. నల్లగొండలో మనం!

భూమికీ సూర్యుడికీ మధ్య దూరం దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు. శుక్రుడికీ సూర్యుడికీ మధ్య 10.8 కోట్లు. ఈ అంకెలు పిల్లలకే కాదు, మనకూ బుర్రకెక్కవు. అందుకే తెలిసిన దారిలో పెట్టి చూపిద్దాం.

సూర్యుడు హైదరాబాద్‌లో ఉన్నాడనుకోండి. మన భూమి నల్లగొండలో ఉంది. అప్పుడు బుధుడు చౌటుప్పల్‌కు కాస్త ఇవతలే ఉంటాడు. శుక్రుడు చిట్యాల దగ్గర్లో ఉంటాడు. అంగారకుడు మిర్యాలగూడ దాటాక ఎక్కడో తగులుతాడు. పాలమూరు వాళ్లయితే మహబూబ్‌నగర్‌లో భూమిని పెట్టుకోండి. బాలానగర్ దాటి జడ్చర్ల రాకముందే శుక్రుడు వస్తాడు. ఈసారి బస్సులో వెళ్లేటప్పుడు 'ఇదిగో బుధుడు దిగే స్టేజీ.. ఇదిగో శుక్రుడు దిగే స్టేజీ' అంటూ చెప్పండి. పిల్లలకు దారంతా ఆటే!

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. గ్రహాలు ఇలా ఒకే రోడ్డు మీద బారులు తీరి నిలబడవు. ఒక్కొక్కటీ తన దారిలో సూర్యుడి చుట్టూ తిరుగుతుంటుంది. శుక్రుడు మనవైపు ఉన్నప్పుడు నాలుగు కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వస్తాడు. ఇంకే గ్రహమూ మనకంత దగ్గరికి రాదు. అటువైపు వెళ్లిపోయినప్పుడు దాదాపు 26 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు.

సైజులో కూడా ఇద్దరూ అక్కాచెల్లెళ్లలాంటివాళ్లే. భూమి అడ్డుకొలత 12,756 కిలోమీటర్లు. శుక్రుడిది 12,104. రెండు బత్తాయిలు పక్కపక్కన పెట్టి చూపించండి. ఒకటి రవ్వంత చిన్నదైతే సరి. నల్లగొండలో బత్తాయికి కరువా!

గొంగడి కప్పుకున్న గ్రహం

ఇంత దగ్గర, ఇంత సరిసమానం కదా.. మరి అక్కడ మనుషులు ఉండొచ్చా? అసలైన పాఠం ఇక్కడే ఉంది.

మే నెలలో నల్లగొండ ఎండ ఎలా ఉంటుందో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. పాదరసం 45 డిగ్రీలు దాటిన రోజులూ ఉన్నాయి. కాళ్లకు చెప్పుల్లేకుండా గడప దాటలేం. శుక్రుడి మీద ఎంతో తెలుసా? 465 డిగ్రీలు! రాత్రయినా, పగలైనా దాదాపు అంతే. అక్కడ సీసం ముక్క పెడితే కరిగి పారుతుంది.

సూర్యుడికి దగ్గరగా ఉంది కాబట్టి వేడి అనుకుంటాం. కానీ సూర్యుడికి ఇంకా దగ్గరగా ఉన్న బుధుడి కంటే శుక్రుడే వేడి. కారణం గాలి. అక్కడి గాలిలో నూటికి 96 వంతులకు పైగా బొగ్గుపులుసు వాయువే. అది గొంగడిలాంటిది. గొంగడి తనంతట తాను వేడి పుట్టించదు. ఒంటిలోని వేడిని బయటకు పోనివ్వదు. చలికాలం గొర్ల మంద దగ్గర కావలి పడుకునే కాపరికి గొంగడి కప్పుకుంటే హాయి. అదే మే నెల మిట్టమధ్యాహ్నం నాలుగు గొంగళ్లు కప్పుకుని ఎండలో కూర్చుంటే? శుక్రుడి పరిస్థితి అదే. లోపలికొచ్చిన ఎండ వేడి మళ్లీ బయటకు పోయే దారి దొరక్క అక్కడే పేరుకుపోయింది.

మన భూమికీ ఓ గొంగడి ఉంది. అది పల్చటిది. అది లేకుంటే మనం చలికి గడ్డకట్టుకుపోయేవాళ్లం. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చి కాల్చి మనమే దాన్ని కొంచెం కొంచెంగా మందం చేస్తున్నాం. భూమి రేపో మాపో శుక్రుడైపోతుందని పిల్లల్ని భయపెట్టొద్దు. అలా కాదు కూడా. కానీ 'గొంగడి మందమైతే ఉడుకెక్కువైతది' అన్న సంగతి పక్కింటిని చూసి నేర్చుకోవచ్చు. భూమి వేడెక్కడం గురించి ఏడేళ్ల పిల్లలకు ఇంతకంటే తేలిగ్గా చెప్పడం కష్టం.

వేడి ఒక్కటేనా? బరువు కూడా. అక్కడి గాలి ఒత్తిడి మన దగ్గర కంటే 92 రెట్లు ఎక్కువ. నాగార్జునసాగర్ డ్యాం ఎత్తు 124 మీటర్లు. అలాంటివి ఏడింటిని ఒకదానిపై ఒకటి పేర్చితే ఎంతో, అంతకు మించిన లోతున నీళ్ల అడుగున ఉన్నట్టు ఉంటుందన్నమాట. పైన తేలే మబ్బుల్లో నీళ్లు కాదు, గంధకామ్లం. మన పక్కింటి వాకిట్లో ముగ్గు మెరుస్తోంది కానీ లోపలికి అడుగుపెట్టే వీలు లేదు!

అయినా మనిషి ఊరుకోలేదు. 1962 డిసెంబరు 14న అమెరికా పంపిన మారినర్-2 శుక్రుడి పక్క నుంచి వెళ్తూ అక్కడి వేడి సంగతి తేల్చింది. ఇంకో గ్రహాన్ని దగ్గర్నుంచి చూసి కబురు పంపిన మొదటి నౌక అదే. 1970 డిసెంబరు 15న రష్యావాళ్ల వెనెరా-7 నేల మీద దిగి 23 నిమిషాలపాటు సంకేతాలు పంపింది. 1982 మార్చి 1న దిగిన వెనెరా-13 రెండు గంటలకు పైగా తట్టుకుని రంగుల ఫొటోలు పంపింది. రాళ్లతో నిండిన నేల, నారింజ రంగు వెలుతురు.. అదీ శుక్రుడి పెరడు!

రాళ్లంటే గుర్తొచ్చింది. మన భువనగిరి గుట్ట, దేవరకొండ, రాచకొండ.. ఈ ప్రాంతపు గుట్టలన్నీ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. శుక్రుడి నేల చాలామటుకు అగ్నిపర్వతాల లావా పరుచుకుని ఏర్పడింది. దాని వయసు వంద కోట్ల ఏళ్ల లోపేనని శాస్త్రవేత్తల అంచనా. గుట్ట ఎక్కినప్పుడు పిల్లలకు చెప్పండి.. 'నువ్వు నిల్చున్న ఈ బండ శుక్రుడి మీది నేల కంటే పెద్దది, వయసులో!' అని.

రేపు అంటే నాలుగు నెలలు!

పిల్లలకు బాగా నవ్వు తెప్పించే సంగతి ఇంకోటి ఉంది. శుక్రుడు సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి 225 రోజులు పడుతుంది. తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు! అదీ మనకు వ్యతిరేక దిశలో. అందుకే అక్కడ సూర్యుడు పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తాడు. ఒక తెల్లవారుజాము నుంచి మరో తెల్లవారుజాముకు మన లెక్కలో 117 రోజులు. 'హోంవర్కు రేపు చేస్తా' అనే పిల్లలకు శుక్రుడు భలే చోటు. అక్కడ రేపు అంటే దాదాపు నాలుగు నెలలు మరి!

వయసు లెక్క కూడా వేయించండి. మన ఎనిమిదేళ్లు శుక్రుడి మీద పదమూడేళ్లు. అయిదేళ్ల పాప అక్కడ ఎనిమిదేళ్లు నిండిన పెద్దమ్మాయి. కూడికలు, గుణకారాలు నేర్చుకునే పిల్లలకు ఇంట్లో అందరి వయసులూ లెక్కగట్టే పని అప్పగిస్తే గంటసేపు మీ జోలికి రారు.

మూఢం అంటే ఇదే!

పెళ్లి మాటలు జరుగుతున్న ఇంట్లో 'ఇప్పుడు మూఢం ఉంది' అనే మాట పిల్లల చెవిన పడుతూనే ఉంటుంది. పంచాంగంలో 'శుక్ర మౌఢ్యమి' అని రాస్తారు. ఆ మాట వెనక ఉన్నది ఆకాశంలో కంటికి కనిపించే విషయమే. తిరుగుతూ తిరుగుతూ శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చినప్పుడు ఆ వెలుగులో మనకు కనిపించకుండా పోతాడు. అదే మూఢం. ముహూర్తాల సంగతి పెద్దలు, పురోహితులు చూసుకుంటారు. పిల్లలకు మాత్రం 'శుక్రుడు సూర్యుడి వెలుగులో దాక్కున్నాడు' అని చెప్పొచ్చు.

ఇక్కడో చమత్కారం ఉంది. సూర్యుడికి అటువైపు వెళ్లినప్పుడు శుక్రుడు రెండు నెలలకు పైగా కనిపించడు. ఇటువైపు, అంటే మనకూ సూర్యుడికీ మధ్యకు వచ్చినప్పుడు మాత్రం వారం పది రోజుల్లో బయటపడతాడు. దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా కదిలినట్టు, దగ్గరగా ఉన్నప్పుడు చకచకా దాటిపోయినట్టు కనిపిస్తాడు కాబట్టి ఈ తేడా. పాత పంచాంగాలు ముందేసుకుని పెద్ద మూఢం ఏది, చిన్న మూఢం ఏదో పిల్లలతో వెతికించండి. ఇంట్లో ఉన్న పంచాంగమే ఖగోళ పాఠం!

శుక్రుడు సరిగ్గా సూర్యబింబం మీదుగానే దాటడం చాలా అరుదు. 2004 జూన్ 8న పదకొండు గంటలకు కాస్త ముందు నుంచి సాయంత్రం అయిదు దాకా సూర్యుడి మీద నల్లటి చిన్న చుక్కలా కదిలాడు. మళ్లీ 2012 జూన్ 6న ఉదయం కనిపించాడు. ఇక 2117 డిసెంబరు దాకా లేదు. అప్పటికి మన మనవలకు మనవలు ఉండొచ్చు.

అంతకుముందు మన దేశంలో కనిపించింది 1874 డిసెంబరు 9న. అప్పుడు విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన వేధశాల నుంచి దాన్ని చూసి, లెక్కలు కట్టి లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకు పంపారు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి సామాన్యులకు కూడా అర్థం కావాలని సంభాషణ రూపంలో చిన్న పుస్తకం రాసి, వేర్వేరు భాషల్లో అందేలా చూశారు. మన ఇంట్లో డాబా మీద చేయబోయేదీ ఆ పనే. కాకపోతే శ్రోత కాస్త చిన్నవాడు!

రాళ్లు నిలబెట్టారు.. తలుపులు మూశారు

ఆకాశం చూడటం ఈ నేలకు కొత్త కాదు. నారాయణపేట జిల్లా కృష్ణా మండలం ముడుమాల్‌లో కృష్ణా నది ఒడ్డున దాదాపు ఎనభై పెద్ద పెద్ద నిలువు రాళ్లు ఉన్నాయి. మనిషికి రెండింతల ఎత్తు. వాటి చుట్టూ వేలాది చిన్న రాళ్లు బారులు తీరి ఉంటాయి. ఊరివాళ్లు 'నిలురాళ్ల తిమ్మప్ప' అని కొలుస్తారు. అక్కడే ఒక బండ మీద తొలిచిన గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు గుర్తించారు. 2025లో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. పుస్తకం లేదు, టెలిస్కోపు లేదు. అయినా వేల ఏళ్ల కిందట ఈ పాలమూరు నేలమీద ఎవరో తలెత్తి చూశారు. చూసింది పిల్లలకు చెప్పడానికే కాబోలు రాయి మీద చెక్కారు.

ఇక రెండో కథ. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఈ జిల్లాల మీదుగానే వెళ్లింది. అమెరికా శాస్త్రవేత్తల బృందం పాలెం వచ్చి కెమెరాలు బిగించుకుంది. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పిన జాపాల్-రంగాపూర్ వేధశాలకూ శాస్త్రవేత్తలు చేరారు. పట్టపగలు చీకటి పడినప్పుడు సూర్యుడికి తూర్పున శుక్రుడు కనిపించే చోటే ఉన్నాడు. కానీ చాలా ఇళ్లలో తలుపులు, కిటికీలు మూసేశారు. పిల్లల్ని అరుగు కూడా దిగనివ్వలేదు. సముద్రాలు దాటి వచ్చినవాళ్లు చూసినదాన్ని మన ముంగిట్లో ఉన్న మనం చూడలేకపోయాం.

సూర్యుణ్ని వట్టి కళ్లతో చూడకూడదన్న భయం సరైనదే. దానికి తగిన అద్దాలున్నాయి. కానీ 'అడగకు, చూడకు' అనే భయం వేరు. ఒక పిల్లవాడు 'అదేంది?' అని అడిగినప్పుడు 'ఏదో చుక్క, పడుకో' అన్నామంటే మనమూ ఓ తలుపు మూసినట్టే. రెండుసార్లు మూస్తే మూడోసారి వాడు అడగడు.

ఇంకో సంగతి. ఈ ఆకాశం ఎల్లకాలం ఇలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. హైదరాబాద్ వెలుగులు ఇటు షాద్‌నగర్ దాకా, అటు చౌటుప్పల్ దాకా పాకాయి. ఊరూరా తెల్లటి వీధిదీపాలు వచ్చాయి. పాలపుంత ఇప్పటికే చాలాచోట్ల మసకబారింది. ఎంత వెలుగున్నా తట్టుకుని కనిపించేది శుక్రుడే. అందుకే మొదటి పరిచయానికి శుక్రుడే తగినవాడు.

అమ్మాయిల ఊరు

ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. శుక్రుడి మీద కొండలకు, మైదానాలకు, గుంతలకు స్త్రీల పేర్లే పెట్టాలని శాస్త్రవేత్తలు నియమం పెట్టుకున్నారు. మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త పేరున్న పర్వతం ఒక్కటే మగ పేరు. ఆ నియమానికి ముందే పెట్టారు కాబట్టి మిగిలిపోయింది. దాని పక్కనే ఉన్న విశాలమైన పీఠభూమి పేరు లక్ష్మి! అమెరికా వెళ్లి 1886లో డాక్టరు పట్టా పుచ్చుకున్న ఆనందీబాయి జోషి పేరున అక్కడో గుంత ఉంది. ఇంట్లో లక్ష్మి ఉంటే ఇక చెప్పేదేముంది.. ఆ సాయంత్రం డాబా మీద ఆమెదే రాజ్యం.

మన దేశం కూడా శుక్రుడి దగ్గరికి నౌకను పంపే పనిలో ఉంది. 1,236 కోట్ల రూపాయల ఆ యాత్రకు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 18న ఆమోదం తెలిపింది. 2028 మార్చిలో పంపాలన్నది అప్పుడు పెట్టుకున్న గడువు. మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుణ్ని చేరిన రోజు మనం టీవీల ముందు కూర్చున్నాం. శుక్రుడి వంతు వచ్చినప్పుడు మన పిల్లలు ఆ చుక్క ఎటుందో వేలు పెట్టి చూపించగలిగితే ఎంత బాగుంటుంది!

ఇలా చేసి చూడండి

* ఎప్పుడు, ఎటు?: 2026 వేసవి నుంచి సెప్టెంబరు దాకా పొద్దుగూకాక పడమట చూడండి. అక్టోబరు చివర్లో సూర్యుడి వెలుగులో దాక్కుంటాడు. నవంబరు నుంచి 2027 తొలి నెలల దాకా తెల్లవారుజామున తూర్పున వేగుచుక్కగా వస్తాడు.

* బల్బు-బంతి ఆట: గదిలో దీపాలన్నీ ఆర్పి ఒక్క బల్బు ఉంచండి. అది సూర్యుడు. పాప కొంచెం దూరంలో కూర్చుంటుంది. ఆమె భూమి. మీరు తెల్లటి బంతి పట్టుకుని బల్బు చుట్టూ తిరగండి. బంతి పక్కన ఉన్నప్పుడు సగం వెలుగు, ఇటువైపు దగ్గరికొస్తుంటే నెలవంక, అటువైపు వెళ్తే దాదాపు నిండు బింబం. చంద్రుడిలాగే శుక్రుడికీ కళలు ఉన్నాయని 1610లో గెలీలియో టెలిస్కోపులో చూసింది ఇదే.

* జాన కొలత: వారానికోసారి ఒకే చోట నిలబడి, ఒకే సమయంలో శుక్రుడు నేల నుంచి ఎన్ని జానల ఎత్తున ఉన్నాడో కొలిపించండి. నోటుబుక్కులో తేదీ వేసి చుక్క పెట్టించండి. రెండు నెలల్లో శుక్రుడి దారి కాగితం మీద కనిపిస్తుంది.

* ఫోన్‌లో చుక్క: పనుల కోసం అమ్మానాన్నలు ముంబయి, పుణె వెళ్తే తాతల దగ్గర పెరిగే పిల్లలు పాలమూరు ఊళ్లలో ఎందరో. సాయంత్రం ఫోన్ చేసినప్పుడు 'శుక్రుడు కనపడ్డాడా?' అని అడగమనండి. ముంబయిలో పొద్దు మన కంటే సుమారు 20 నిమిషాలు ఆలస్యంగా గూకుతుంది. ముందు పిల్లలకు, ఆ తర్వాత అమ్మకు.. ఒకే చుక్క. భూమి గుండ్రంగా ఉందని, తిరుగుతోందని చెప్పే పాఠం కూడా అందులోనే ఉంది.

* జాగ్రత్త: బైనాక్యులర్స్ ఇస్తే సూర్యుడు పూర్తిగా అస్తమించాకే. పొద్దున పూట అయితే సూర్యోదయానికి ముందే ఆపేయాలి. పొరపాటున కూడా సూర్యుడివైపు తిప్పకూడదు. పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

జవాబు తెలియని ప్రశ్న పిల్లలు అడిగితే కంగారు పడొద్దు. 'నాకూ తెల్వదు బిడ్డా, తెలుసుకుందాం' అంటే చాలు. హైదరాబాద్ వెళ్లినప్పుడు బిర్లా ప్లానెటోరియం ఉంది. ఊళ్లో సైన్సు టీచరు ఉన్నారు.

చివరగా ఒక చిన్న ముచ్చట. శుక్రుడు ప్రతి ఎనిమిదేళ్లకోసారి రెండు మూడు రోజుల తేడాతో ఆకాశంలో అదే చోటుకు వస్తాడు. మీ పాప నాలుగో పుట్టినరోజు సాయంత్రం వేపచెట్టు పైన శుక్రుడు కనిపించాడనుకోండి. నోటుబుక్కులో ఆ బొమ్మ గీయించి, తేదీ వేసి దాచిపెట్టండి. పన్నెండో పుట్టినరోజు సాయంత్రం అదే డాబా ఎక్కితే అదే వైపు, అదే ఎత్తున మళ్లీ కనిపిస్తాడు. ఇరవయ్యో పుట్టినరోజుకు పాప చదువు కోసం ఏ ఊళ్లో ఉంటుందో! ఆ సాయంత్రం కూడా ఆమె పడమటికి తిరిగి చూస్తుంది.